ఇంట్లో రేసింగ్ ఆటకు స్టీరింగ్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

దీపావళి ఆఫర్లు మొదలయ్యాయంటే ఎదిగిన పిల్లలున్న ఇళ్ళలో కోరికల చిట్టా బయటికి వస్తుంది. ఫోను, హెడ్‌ఫోను, గేమింగ్ కుర్చీల సరసన ఇప్పుడు ఆ చిట్టాలో స్టీరింగ్ కూడా చేరింది. కంప్యూటర్‌కో, ప్లేస్టేషన్‌కో తగిలించి కారు ఆటలు ఆడుకునే స్టీరింగ్ చక్రం, దాని కింద పెడల్స్. ఫొటోల్లో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ధర మాత్రం ఐదారు వేల దగ్గర మొదలై లక్ష దాటుతుంది. ఇంత తేడా ఎందుకో తెలియక, తక్కువ ధరకు వస్తోంది కదా అని ఒకటి తెచ్చి, నెల తిరిగేలోపు అటక ఎక్కించే ఇళ్ళు చాలానే ఉన్నాయి. పిల్లవాడికి నిరాశ, పెద్దవాళ్ళకు డబ్బు దండగ.

అందుకే ఈ వ్యాసం. మేము చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. స్టీరింగ్‌కు మనం పెట్టే డబ్బు దాని రూపానికో, మీద ఉన్న లైట్లకో కాదు. కారు ఎలా పోతోందో అది మన చేతికి తెలియజెప్పే తీరుకు. ఆ తీరు లేని స్టీరింగ్ ఎంత చవకైనా ఖరీదే. ఉన్నది ఎంత మంచిదైనా, మన ఇంట్లో ఉన్న యంత్రానికి పనికిరాకపోతే అదీ దండగే. కాబట్టి ఒక వరసలో చూసుకుంటూ వెళదాం.

ముందు ఇంట్లో ఏముందో చూడండి

చాలామంది పొరపడేది ఇక్కడే. ప్లేస్టేషన్ కోసం చేసిన స్టీరింగ్ ఎక్స్‌బాక్స్‌కు పనిచేయదు. ఎక్స్‌బాక్స్ కోసం చేసినది ప్లేస్టేషన్‌కు పనిచేయదు. పేరున్న కంపెనీల స్టీరింగ్‌లలో ఈ రెండు రకాలూ మామూలుగా విండోస్ కంప్యూటర్‌కు మాత్రం పనిచేస్తాయి.

లాజిటెక్ కంపెనీ 2015లో తెచ్చిన జి29, జి920 దీనికి మంచి ఉదాహరణ. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి పనితనం దాదాపు ఒకటే. కానీ జి29 ప్లేస్టేషన్‌ది, జి920 ఎక్స్‌బాక్స్‌ది. అదే కంపెనీ 2020లో తెచ్చిన జి923 ఇంకా తికమక పెడుతుంది. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతారు, ఒకటి ప్లేస్టేషన్‌కు, ఇంకొకటి ఎక్స్‌బాక్స్‌కు. థ్రస్ట్‌మాస్టర్ కంపెనీ టి248, టి128 కూడా ఇంతే. పెట్టె మీద ఏ యంత్రం గుర్తు ఉందో చూడకుండా డబ్బు కట్టకండి. ఆన్‌లైన్‌లో అయితే పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోక, కింద ఏ యంత్రాలకు పనిచేస్తుందో రాసిన వరస చదవండి.

ఇంట్లో ఉన్నది ఫోను ఒక్కటే అయితే ఆగండి. మన పిల్లలు ఎంతోమంది ఫోన్‌లో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆడుతూ, దానికి కేఎస్సార్టీసీ రంగులు వేసుకుని మురిసిపోతుంటారు. ఆ సరదా మంచిదే. కానీ మేము ఇక్కడ చెబుతున్న స్టీరింగ్‌లు ఫోనుకు తగిలించేవి కావు. ముందు కంప్యూటరో, గేమ్ యంత్రమో ఉండాలి.

ఏ ఆట ఆడతారో అడగండి

స్టీరింగ్ అన్ని ఆటలకూ సరిపోదు. గ్రాన్ టురిస్మో 7, అసెట్టో కోర్సా, ఎఫ్1 ఆటలు, ఫోర్జా మోటార్‌స్పోర్ట్ వంటివి స్టీరింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వీటిలో చక్రం పట్టుకుంటే ఆట రూపమే మారిపోతుంది. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ ఆట కూడా అంతే. 2012లో వచ్చిన ఆట కాబట్టి మామూలు కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. వేగం మీద మోజు లేని పెద్దవాళ్ళు సైతం సాయంత్రం పూట దానిమీద హాయిగా లారీ నడుపుకోవచ్చు.

మరోపక్క జీటీఏ 5 వంటి ఆట ఆడే పిల్లవాడు స్టీరింగ్ అడిగితే ఆలోచించాలి. అందులో కార్లు ఉన్నాయి గానీ, స్టీరింగ్‌ను ఆ ఆట నేరుగా గుర్తించదు. బయటివాళ్ళు చేసిన ప్రోగ్రాములు ఎక్కించి తంటాలు పడాలి. పిల్లవాడు రోజూ ఆడే ఆట ఏది, అది స్టీరింగ్‌ను గుర్తిస్తుందా అన్నది కొనకముందే తేల్చుకోండి.

అదురుడు వేరు, ఎదురు వేరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మార్కెట్‌లో దొరికే స్టీరింగ్‌లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటి రకంలో చక్రాన్ని మధ్యకు లాగి ఉంచేది ఒక స్ప్రింగో, రబ్బరు తాడో. ఎటు తిప్పినా వదిలితే వెనక్కి వస్తుంది. కారు గోడకు గుద్దుకుంటే లోపల ఉన్న చిన్న మోటారు ఫోను అదిరినట్టు అదురుతుంది. అంతే. కారు మలుపులో జారుతోందా, చక్రాలు నేలను పట్టుకున్నాయా అన్నది చేతికి తెలియదు. పీఎక్స్ఎన్ వీ3, వీ9, థ్రస్ట్‌మాస్టర్ టి80 వంటివి ఈ రకానివే. కొన్నింటిలో ఆ అదురుడు కూడా ఉండదు.

రెండో రకానికి ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. దీనిలో స్ప్రింగ్ బదులు మోటారే చక్రాన్ని తిప్పుతుంది. ఆటలో కారు ముందు చక్రాల మీద ఎంత బలం పడుతోందో కంప్యూటర్ లెక్కకట్టి, ఆ బలాన్ని మన చేతులకు ఎదురుగా పంపుతుంది. వేగంగా మలుపు తిరుగుతుంటే స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు చక్రాలు పట్టు తప్పితే ఒక్కసారిగా తేలికవుతుంది. వెనక చక్రాలు జారితే చక్రం తనంతట తానే ఎదురు తిరగబోతుంది. ఈ కబురు కంటికి తెలిసేలోపే చేతికి అందుతుంది. నిజం కారు నడిపేవాళ్ళు తెలియకుండానే వాడుకునేది ఈ కబురునే.

అందుకే చవక స్టీరింగ్ తెచ్చుకున్న పిల్లవాడు వారం తర్వాత పాత చేతి కంట్రోలర్‌కే తిరిగి వెళ్ళిపోతాడు. వాడికి ఓపిక లేక కాదు. కబురు అందని చక్రంతో మలుపు తిప్పడం, వేళ్ళ కింద చిన్న పుల్లతో తిప్పడం కన్నా కష్టం.

అంగట్లో ఈ తేడా కనిపెట్టడానికి ఒక సులువైన గుర్తు ఉంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్న స్టీరింగ్‌కు దాదాపు ఎప్పుడూ గోడ ప్లగ్గుకు పెట్టే విడి పవర్ అడాప్టర్ ఉంటుంది. మన చేతులకు ఎదురు నిలిచే మోటారుకు యూఎస్‌బీ తీగ ఇచ్చే కరెంటు చాలదు. పెట్టెలో యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉంటే అది అదురుడు రకమే అనుకోండి. పెట్టె మీద ‘డ్యూయల్ మోటార్ వైబ్రేషన్’ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా మోసపోకండి.

లోపల మోటారు ఎలా పనిచేస్తుంది?

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌లోనూ మూడు తరగతులు ఉన్నాయి. మోటారు బలం చక్రానికి ఏ దారిన చేరుతుంది అన్నదే తేడా.

గేర్ల రకం: జి29, జి920, జి923 ఇవే. పళ్ళ చక్రాల ద్వారా బలం అందుతుంది. గట్టిది, ఏళ్ళ తరబడి మన్నుతుంది. కాకపోతే గతుకుల మీద పోతున్నప్పుడు గడగడమని శబ్దం చేస్తుంది, చేతికి కాస్త గరుకుగా ఉంటుంది. పలచటి గోడల అపార్ట్‌మెంట్లో రాత్రి పదకొండింటికి ఆడితే పక్కింటివాళ్ళకు వినిపించవచ్చు.

బెల్టు రకం: థ్రస్ట్‌మాస్టర్ టి300 వంటివి. రబ్బరు బెల్టు మీదుగా బలం వస్తుంది కాబట్టి నున్నగా, నిశ్శబ్దంగా ఉంటుంది. టి248 వంటివి గేరు, బెల్టు రెండూ కలిపిన మధ్యరకం.

డైరెక్ట్ డ్రైవ్: మధ్యలో గేరూ బెల్టూ లేకుండా చక్రం నేరుగా మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. అతి చిన్న కదలిక కూడా చేతికి తెలుస్తుంది. ఒకప్పుడు ఇది డబ్బున్నవాళ్ళ సరుకు. 2021లో జర్మనీ కంపెనీ ఫానాటెక్ సీఎస్ఎల్ డీడీని తెచ్చాక, ఆ వెనక చైనా కంపెనీ మోజా ఆర్5, ఆర్3 వంటివి వచ్చాక ధర దిగింది. ఇక్కడ కూడా యంత్రం సంగతి మరవకండి. మోజా ఆర్5 కంప్యూటర్‌కే పనిచేస్తుంది. ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళు ఫానాటెక్‌లో గ్రాన్ టురిస్మో పేరుతో అమ్మే డీడీ ప్రో వంటి అనుమతి ఉన్నదే చూసుకోవాలి.

బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఈ అంకె చూసి కంగారు పడనక్కరలేదు. 28 సెంటీమీటర్ల అడ్డు ఉన్న చక్రం తీసుకుంటే, 2 న్యూటన్ మీటర్లంటే దాని అంచుకు సుమారు కిలోన్నర బరువు వేలాడదీసినట్టు. జి29 ఇంచుమించు ఈ స్థాయిలో ఉంటుంది. ఆర్5 బలం 5.5, అంటే నాలుగు కిలోలు. 8 అంటే దగ్గర దగ్గర ఆరు కిలోలు. కొత్తగా మొదలుపెట్టే ఇంటికి 2 నుంచి 5 వరకు చాలు. అంతకు మించితే బల్లకు బిగించి ఆడటం కష్టం, చిన్న పిల్లల మణికట్టుకు మంచిది కూడా కాదు. బలమైన స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్ళు చక్రం ఆకుల లోపలికి దూర్చకుండా, అంచు మీదే ఉంచాలని పిల్లలకు చెప్పండి. ఆటలో కారు గోడకు గుద్దుకున్నప్పుడు చక్రం గిర్రున తిరిగితే వేలు బెణుకుతుంది.

ఇంకో అంకె, చక్రం ఎంత తిరుగుతుంది అన్నది. మామూలు కారు స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండున్నర చుట్లు, ఆ పైన తిరుగుతుంది. రెండున్నర చుట్లంటే 900 డిగ్రీలు. లాజిటెక్‌వి 900, టి300 అయితే 1080. చవకవి కొన్ని 180, 270 దగ్గరే ఆగిపోతాయి. లారీ ఆటకు అవి అస్సలు పనికిరావు.

కాళ్ళ కింద సంగతి

అందరూ చక్రాన్నే చూస్తారు. రేసులో సమయం మిగిలేదీ పోయేదీ మాత్రం ఎక్కువగా బ్రేకు దగ్గరే. చవక పెడల్స్ స్ప్రింగు మీద మెత్తగా లోపలికి వెళతాయి, ఎంత నొక్కామో కాలికి తెలియదు. జి29లో బ్రేకు కింద రబ్బరు దిమ్మ ఉంటుంది కాబట్టి చివర్లో గట్టిగా తగులుతుంది. లోడ్ సెల్ ఉన్న బ్రేకు ఇంకా మేలు. అది పెడల్ ఎంత దూరం వెళ్ళిందన్నది వదిలేసి, మనం ఎంత బలంగా తొక్కామన్నది కొలుస్తుంది. నిజం కారు బ్రేకు కూడా ఇలాగే కాలి బలానికి పలుకుతుంది. ఇది తర్వాత విడిగా కొనుక్కోవచ్చు, మొదటి రోజే అక్కరలేదు.

క్లచ్ కావాలంటే మూడు పెడల్స్ ఉన్నది చూసుకోండి. టి128 వంటివాటితో రెండే వస్తాయి. మన కార్లలో ఉన్నట్టు చేత్తో మార్చే గేర్ రాడ్ లాజిటెక్‌లో విడిగా కొనాలి. అది లేకపోయినా చక్రం వెనక ఉండే రెండు రెక్కలతో గేర్లు మార్చుకోవచ్చు.

మన ఇళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది. ఈ పెడల్స్ అడుగున తివాచీని పట్టుకునే పళ్ళు ఇస్తారు. మన గదుల్లో తివాచీలు ఎక్కడివి? టైల్స్, గ్రానైట్, మొజాయిక్ నేల మీద బ్రేకు గట్టిగా తొక్కగానే పెడల్స్ ముందుకు జారిపోతాయి. గోడకు ఆనించి పెట్టడం, లేదా గోడకూ పెడల్స్‌కూ మధ్య ఒక చెక్క అడ్డం వేయడం దీనికి చవకైన మందు. కుర్చీకి చక్రాలుంటే అదీ వెనక్కి పోతుంది. భోజనాల బల్ల దగ్గరి నాలుగు కాళ్ళ కుర్చీ వేసుకుంటే సరి.

ఎక్కడ బిగిస్తారు?

స్టీరింగ్‌ను బల్ల అంచుకు మరలతో బిగిస్తారు. గాజు బల్లకు వద్దు. మడత పెట్టే ప్లాస్టిక్ బల్ల ఊగిపోతుంది. గట్టి చెక్క బల్ల ఉంటే ఖర్చు లేదు. లేకపోతే మడిచి మంచం కిందకు తోసేసే ఇనుప స్టాండ్లు దొరుకుతాయి. ఒక గదీ హాలూ ఉన్న ఇంట్లో అదే మేలు. స్టాండు ధర కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఆడేది టీవీ మీద అయితే సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే చేయి తిప్పాక కాస్త ఆగి తెర మీద కారు తిరుగుతుంది. దానికి స్టీరింగ్‌ను తప్పుబట్టి లాభం లేదు.

ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి?

ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి ఉజ్జాయింపుగానే చెబుతున్నాం. పది, పదిహేను వేల లోపు దొరికేవి దాదాపు అన్నీ అదురుడు రకమే. పేరున్న ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్‌లు పాతిక నుంచి నలభై వేల మధ్య ఉంటాయి. డైరెక్ట్ డ్రైవ్ అంతకు పైన మొదలవుతుంది.

బెంగళూరువాళ్ళకు ఎస్పీ రోడ్డు, చెన్నైవాళ్ళకు రిచీ స్ట్రీట్, ముంబైవాళ్ళకు లామింగ్టన్ రోడ్డు ఉన్నాయి. కుదిరితే దుకాణంలో ఒకసారి చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. బ్రహ్మపురం, రాయగడ, షోలాపూర్, యానాం వంటి చోట్ల ఇవి దుకాణాల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. అలాంటప్పుడు రెండు విషయాలు చూడండి: కంపెనీ వారంటీ మన దేశంలో చెల్లుతుందా, పాడైతే ఎవరు వచ్చి తీసుకువెళతారు. బరువైన సరుకు, సొంత ఖర్చుతో పార్సిల్ పంపాలంటే భారమే.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుందామని చాలామందికి ఉంటుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని అనుకోవద్దు, ముందే కనుక్కోండి. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకోండి.

పాతది కొనడం తెలివైన పనే. గేర్ల రకం బాగా మన్నుతుంది. కరెంటు పెట్టి, యంత్రానికి తగిలించగానే చక్రం తనంతట తాను ఆ చివరకూ ఈ చివరకూ తిరిగి మధ్యలో ఆగాలి. మధ్యలో వదులుగా ఊగకూడదు. కంప్యూటర్‌లో పెట్టి ఒక్కో పెడల్‌ను మెల్లగా తొక్కితే తెర మీద గీత కూడా మెల్లగా పెరగాలి. మధ్యలో ఎగిరెగిరి పడితే లోపల దుమ్ము పట్టిందనో, అరిగిందనో అర్థం. అడాప్టర్ అసలుదేనా చూడండి. లాజిటెక్ జి27 తక్కువకు వస్తుందని మురిసిపోకండి. కంప్యూటర్‌కు బాగానే ఉంటుంది గానీ, ప్లేస్టేషన్ 4, 5లకు నేరుగా పనిచేయదు.

ఇది డ్రైవింగ్ స్కూల్ కాదు

ఇంట్లో స్టీరింగ్ తిప్పడం వచ్చింది కాబట్టి కారు తాళాలు ఇవ్వవచ్చని ఏ ఇంట్లోనూ అనుకోకూడదు. ఆటలో ఆవు అడ్డం రాదు, గుద్దితే ఎవరికీ గాయం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తూ బండితో దొరికితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వేగం మీద మోజున్న పిల్లవాడికి ఆ మోజు తీర్చుకోవడానికి ఇంట్లో ఒక చోటు ఉండటం, వీధిలోకి తాళాలు పట్టుకెళ్ళడం కన్నా ఎంతో నయం. స్టీరింగ్‌కు పెట్టే డబ్బుకు మాకు కనిపించే పెద్ద సమర్థన ఇదే.

ఆసక్తి ఆటతో ఆగకపోతే దారులూ ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టురిస్మో ఆట ద్వారా జరిగిన జీటీ అకాడమీ పోటీ గెలిచి నిజమైన రేసు కారు ఎక్కాడు. 2023లో వచ్చిన గ్రాన్ టురిస్మో సినిమా అతని కథే. మన పక్కనే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలోనూ రేసు ట్రాకులు ఉన్నాయి. ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌ది కోయంబత్తూరే. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్ళి ఒక పోటీ చూపిస్తే, తెర మీది ఆటకూ నిజానికీ ఉన్న దూరం వాళ్ళకే తెలుస్తుంది.

చివరగా మా సలహా

ఆసక్తి ఎంతకాలం ఉంటుందో తెలియని ఇంటికి: పదివేలు పెట్టి కొత్త అదురుడు స్టీరింగ్ కొనే బదులు, మరికాస్త కూడబెట్టి పనిచేస్తున్న పాత జి29 లేదా జి920 కొనండి. మోజు తీరిపోతే తిరిగి అమ్ముకోవచ్చు, పెట్టిన డబ్బులో చాలాభాగం వెనక్కి వస్తుంది.

ఏడాదిగా ఇవే ఆటలు ఆడుతున్న పిల్లలున్న ఇంటికి: వారంటీతో కొత్త జి29, జి923, టి248లలో మీ యంత్రానికి సరిపోయేది.

సంపాదనలో పడి, సొంత డబ్బుతో ఇష్టంగా ఆడేవాళ్ళకు: కంప్యూటర్ ఉంటే ఐదు న్యూటన్ మీటర్ల డైరెక్ట్ డ్రైవ్, గట్టి స్టాండు.

డబ్బు కట్టే ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. మా యంత్రానికి పనిచేస్తుందా? మేము ఆడే ఆట దీన్ని గుర్తిస్తుందా? ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉందా, విడి అడాప్టర్ ఉందా? ఇంట్లో బిగించడానికి గట్టి చోటు ఉందా? పాడైతే బాగుచేసేది ఎవరు? ఐదింటికీ సరైన జవాబు వచ్చేదాకా ఆఫర్ అయిపోతుందని తొందరపడకండి. దీపావళి పోతే సంక్రాంతి ఆఫర్ వస్తుంది.